అందరూ బిజీనే, మరి ఆర్డర్ ఎందుకు లేటు?

ఈ గోడు చాలాకాలంగా కడుపులోనే ఉంది. ఇవాళ కక్కేస్తున్నా. కాస్త పొడుగే, ఓపికుంటే చదవండి.

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్, అంటే సరుకు తయారై బయటికెళ్లేదాకా పనిని నడిపించడం, అనగానే చాలామంది మేనేజర్ల బుర్రలో వెలిగేది ఒక్కటే బల్బు: ఎవరూ ఖాళీగా కనపడకూడదు. పెద్దసారు రౌండ్‌కి వస్తున్నాడని తెలిస్తే చాలు, చేతిలో పనిలేనివాడు కూడా ఓ స్పానరో గుడ్డముక్కో పట్టుకుంటాడు. నేనూ పట్టుకున్నాలెండి, ఒకసారి కాదు.

ఇంతకుముందు పనిచేసిన ఒక యూనిట్ సంగతి చెప్తా. కటింగ్, డ్రిల్లింగ్, ఇన్‌స్పెక్షన్, ప్యాకింగ్, ఇంతే వరస. గంటకి కటింగ్‌లో 60 పీసులు, డ్రిల్లింగ్‌లో 50, ఇన్‌స్పెక్షన్‌లో 30, ప్యాకింగ్‌లో 70 అయ్యేవి. అంటే గేటు దాటి వెళ్లేది గంటకి 30 మాత్రమే. లెక్కలు రానివాడికి కూడా తెలిసిపోతుంది. పుస్తకాల్లో దీన్నే బాటిల్‌నెక్ అంటారు. మిగతావాళ్లు ఎంత చెమటోడిస్తే ఇన్‌స్పెక్షన్ ముందు గుట్ట అంత పెరుగుతుంది.

మరి మావాళ్లు ఏం చేశారు? ఇంకో కటింగ్ మెషిన్ కొన్నారు!

ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర ఉన్నది ఒక్క కుర్రాడు, సైజు కొలిచే గేజ్ ఒక్కటి. అతని చుట్టూ బిన్ల మీద బిన్లు. నడవా మూసుకుపోయి ట్రాలీ పట్టేది కాదు, మనుషులు పక్కకి తిరిగి నడిచేవాళ్లం. అర్జెంట్ ఆర్డర్ వస్తే ఆ పీసులు ఎప్పుడూ అట్టడుగు బిన్‌లోనే ఉండేవి. తీరా పైవన్నీ దించి చూస్తే తుప్పు. "సార్, నాకున్నవి రెండు చేతులే కదా" అనేవాడు పాపం. ఆలస్యానికి తిట్లన్నీ అతనికి, ప్రొడక్షన్ బాగా వచ్చిందని మెచ్చుకోళ్లన్నీ కటింగ్‌కి.

ఆ గుట్టని బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తి కింద చూపిస్తారు. నాకు మాత్రం అది అప్పులా కనపడేది. లిటిల్ సూత్రం అని ఒకటుంది, 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. భయపడకండి, చాలా తేలిక. లోపల ఇరుక్కున్న సరుకుని బయటికెళ్లే వేగంతో భాగిస్తే, ఒక పీసు సగటున ఎంతసేపు లోపల ఉంటుందో వచ్చేస్తుంది. ఫ్లోర్ మీద 600 పీసులు, వేగం గంటకి 30 అనుకుంటే 20 గంటలు. ఒకే షిఫ్ట్, 8 గంటలు అయితే రెండున్నర రోజులు. మా సేల్స్‌వాళ్లేమో ఫోన్‌లో "రేపు పంపించేస్తాం సార్" అని హామీ ఇచ్చేసేవాళ్లు. ఆ రేపు రావాలంటే గుట్ట తగ్గాలి, లేదా ఇన్‌స్పెక్షన్ వేగం పెరగాలి. అరిస్తే ఈ రెండిట్లో ఏదీ జరగదు.

అసలు నాకు ఒళ్లు మండేది ఈ యుటిలైజేషన్ అనే పిచ్చితో. మనిషినైనా మెషిన్‌నైనా నూటికి నూరుపాళ్లు వాడెయ్యాలట. ఒకే కౌంటర్ ఉంది, పని ఎప్పుడొస్తుందో తెలీదు, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో కూడా ముందే చెప్పలేం, సగటున 10 నిమిషాలు అనుకోండి. క్యూల లెక్కల్లో మొదటి పాఠంగా చెప్పే మోడల్ ప్రకారం, ఆ కౌంటర్ 80 శాతం బిజీగా ఉంటే లైన్లో నిలబడే సమయం సగటున 40 నిమిషాలు. 90 శాతానికి తోస్తే 90 నిమిషాలు. 95కి తోస్తే 190. చివరి ఐదు శాతం కోసం ఎదురుచూపు రెట్టింపు దాటిపోయింది చూశారా? కాస్త ఖాళీ ఉంచితే దండగ అంటారు. ఆ ఖాళీ వల్లే కదా లైన్ కదిలేది!

టొయోటా పేరు ఎత్తని ట్రైనింగ్ నేనింతవరకు చూడలేదు. కానీ అక్కడ కావాల్సినప్పుడు కావాల్సినంతే తయారుచేసే పద్ధతిని నిలబెట్టిన తైచి ఓనో ఏడు రకాల వృథాలు చెప్తూ, అక్కర్లేకపోయినా ముందే తయారుచేసి పడేయడాన్నే అన్నిటికంటే చెడ్డది అన్నాడు. ఆ ముక్క మాత్రం స్లైడ్లలో కనపడదు. మావాళ్లు గోడకి రంగు కార్డులు అంటించి, అదే కాన్‌బాన్ (తర్వాతివాళ్లకి కావాల్సినంతే తయారుచేయమని చెప్పే కార్డు) అంటారు. లైన్‌లో తేడా కనపడితే తాడు లాగి ఆపే హక్కు అక్కడ మామూలు వర్కర్‌కి ఉంది. మా దగ్గర లైన్ ఆపినవాడికి మెమో వచ్చేది.

అలాగని స్టాక్ అంటేనే పాపం అనడం కూడా తప్పే. 1997 ఫిబ్రవరి 1న టొయోటాకి బ్రేక్ భాగం ఒకటి సరఫరా చేసే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. చేతిలో ఉన్న నిల్వ కొన్ని గంటలకే సరిపోయేది, జపాన్‌లో చాలా ప్లాంట్లు రోజుల తరబడి ఆగాయి. 2011 భూకంపం తర్వాతైతే, దొరకడం కష్టమయ్యే చిప్‌లను నెలలకి సరిపడా ఉంచమని సప్లయర్లకి టొయోటావాళ్లే చెప్పారు. ఏది ఎక్కడ ఉంచాలో ఆలోచించుకుని ఉంచిన నిల్వ వేరు, ఆపడం చేతకాక పేరుకున్న గుట్ట వేరు.

మా కథకి వస్తే, చివరికి మేం చేసింది రెండే పనులు. కొత్త మెషిన్ కాదు, సాఫ్ట్‌వేర్ కాదు. ఇన్‌స్పెక్షన్ కుర్రాడు భోజనానికి, టీకి వెళ్లినప్పుడు టేబుల్ ఖాళీగా ఉండకుండా ప్యాకింగ్ నుంచి ఒకర్ని నేర్పించి కూర్చోబెట్టాం. రోజుకి గంట కలిసొచ్చింది, అంటే 30 పీసులు. రెండోది, డ్రిల్లింగ్ దగ్గరే చిన్న గో–నోగో గేజ్ (సైజు సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చెప్పేది) పెట్టాం. రంధ్రం సైజు తప్పిన పీసు అక్కడే పక్కకి వెళ్లిపోయేది. ఎలాగూ రిజెక్ట్ అయ్యేదానికి ఇన్‌స్పెక్షన్‌లో రెండు నిమిషాలు తగలేయడం ఆగింది.

గుట్ట కరిగేదాకా కటింగ్‌ని రోజూ మధ్యాహ్నం కాసేపు ఆపమన్నాం. ఇక్కడే గొడవ మొదలైంది. ఆ నెల రివ్యూలో మూడో స్లైడ్ మీద కటింగ్ యుటిలైజేషన్ ఎర్రగా కనపడింది. ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు, ఎవరి పర్మిషన్ అంటూ ముప్పావుగంట క్లాసు పీకారు. డిస్పాచ్ పెరిగిన సంగతి పదకొండో స్లైడ్‌లో ఉంది. అక్కడిదాకా వచ్చేసరికి మీటింగ్ టైమ్ అయిపోయింది.