పొద్దున ఎనిమిదింటికి మా ఇంట్లో అర్ధరాత్రి

పోయిన ఉగాది వేడుకలో ఫొటో కోసం నిలబడి కొంగు సర్దుకుంటుంటే పక్కనున్న అక్క ఒకావిడ "బాగా ఒళ్ళు చేశావమ్మా, కాస్త వాకింగ్ చెయ్యరాదూ" అన్నారు. ప్రేమగానే అన్నారు. నేను ముందు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడింటి దాకా ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి, మూడు గంటలు కునుకు తీసి ఆ హాలుకి వచ్చాను. ఆవిడకి ఇవ్వాల్సిన జవాబు ఆ రోజు నోటికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

విశాఖలో బి.ఫార్మసీ చదివి న్యూజెర్సీ వచ్చినదాన్ని. పదకొండేళ్ళుగా నాది రాత్రి డ్యూటీ. వరసగా ఏడు రాత్రులు పని, ఆ పైన ఏడు రోజులు సెలవు. మనలో రాత్రులు పనిచేసేవాళ్ళు తక్కువేం కాదు. నర్సులున్నారు, ల్యాబుల్లో వాళ్ళున్నారు, గోదాముల్లో సరుకు సర్దేవాళ్ళున్నారు, అర్ధరాత్రి దాటాక హైదరాబాద్ టీముతో కాల్స్‌లో కూర్చునేవాళ్ళున్నారు. వీళ్ళ ఆరోగ్యం ప్రస్తావన వస్తే చాలు, మన తెలుగు సంఘంలో మాట బరువు మీదికే పోతుంది. మొదలు పెట్టాల్సింది నిద్ర దగ్గర అంటాను నేను. ఆ నిద్ర కూడా పడుకునే మనిషి ఒక్కరి చేతిలో లేదు, ఇంటిల్లిపాది చేతుల్లో ఉంది.

మొదటి మూడేళ్ళలో 11 కిలోలు పెరిగాను. భయమేసి జిమ్‌లో చేరాను. డ్యూటీ దిగి తిన్నగా ట్రెడ్‌మిల్ ఎక్కేదాన్ని. ఇంటికొచ్చి పడుకునేసరికి పది, పిల్లల్ని తీసుకురావడానికి రెండున్నరకి అలారం. ఆర్నెల్లు అలా ఒళ్ళు హూనం చేసుకుంటే తగ్గింది ఒక్క కిలో. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1కి వచ్చింది. 5.7 దాటితే షుగర్ గుమ్మంలో ఉన్నట్టే.

నాలుగు గంటల నిద్రతో బరువు తగ్గించుకోవాలనుకోవడం గండి పడ్డ చెరువుకి నీళ్ళు మోయడమే. చికాగో యూనివర్సిటీ వాళ్ళు 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే హార్మోన్ లెప్టిన్ 18 శాతం పడిపోయింది, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. తెల్లవారుజామున మూడింటికి బ్రేక్ రూమ్‌లో డోనట్ల డబ్బా మీదికి చెయ్యి పోతోందంటే అది ఆ మనిషికి నిగ్రహం లేక కాదు.

ఇంకొకటి, ఆ వేళకి తిన్నది పగలు తిన్నట్టు అరగదు. బోస్టన్‌లో 19 మందితో రాత్రి డ్యూటీ లాంటి ఏర్పాటు చేసి చూశారు. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. రాత్రిపూట తిన్నవాళ్ళ సగటు గ్లూకోజ్ 6.4 శాతం పెరిగింది, పగలే తిన్నవాళ్ళకి పెరగలేదు. అది చదివాక నేను మూడింటికి పులిహోర డబ్బా తెరవడం మానేశాను. సాయంత్రం ఆరున్నరకి అన్నం, పప్పు, కూర కడుపునిండా తింటాను. అర్ధరాత్రి దాటాక మజ్జిగ, మరీ ఆకలేస్తే గుప్పెడు వేయించిన శనగలు. కాఫీ రెండింటి లోపే, ఎందుకంటే అయిదు గంటలు గడిచినా అందులో కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది.

నా కళ్ళు తెరిపించింది మాత్రం ఒక ఎర్ర సిగ్నల్. ఇంటికి వస్తూ కారు ఆపాను, వెనక కారు హారన్ కొడితే మెలకువ వచ్చింది. బ్రేకు మీద కాలు ఉంది గనక బతికాను. 24 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి నెత్తుటిలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నంత మందంగా ఉంటాడని 1997లోనే తేల్చారు. ఇక్కడ చట్టం ఒప్పుకునే హద్దు 0.08.

అప్పుడు మా అత్తయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. పగటి నిద్ర దరిద్రమని పెరిగిన మనిషి. నేను పడుకుని ఉంటే కింద కుక్కర్ కూతలు, పోపు ఘాటు, సీరియల్. మా వారు సిగ్నల్ సంగతి చెప్పారు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి కందిపప్పు కుక్కర్‌లో కాకుండా గిన్నెలో ఉడికించడం మొదలుపెట్టారు. పోపు నేను లేచాకే. వీధి తలుపు గంట మీద కాగితం అంటించారు. ఆ ఆర్నెల్లలో నాకు దొరికిన నిద్రే నన్ను నిలబెట్టింది.

అమ్మ ఫోను ఇంకో కథ. ఇక్కడ పొద్దున పదైతే అక్కడ రాత్రి ఏడున్నర. దీపం పెట్టుకుని స్థిమితంగా కూర్చుని బిడ్డతో మాట్లాడాలనిపించే వేళ. నాకది గాఢనిద్ర వేళ. ఎత్తకపోతే కంగారు, ఎత్తితే మళ్ళీ నిద్ర పట్టదు. ఇప్పుడు నేను డ్యూటీకి బయలుదేరే ముందు, ఎనిమిదింటికి చేస్తుంది. అక్కడ తెల్లవారి అయిదున్నర, వాకిట్లో ముగ్గు వేసి వచ్చి ఉంటుంది.

నిద్ర సుఖమెరుగదంటారు పెద్దలు. పగటి నిద్ర ఎరుగుతుంది. దానికి చీకటి కావాలి, చల్లటి గది కావాలి, నిశ్శబ్దం కావాలి. నల్ల పరదాలు కొనండి. మాత్రల జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. నిద్ర పట్టడానికి వేసుకునే మెలటోనిన్‌ని ఇక్కడ మందుగా కాక సప్లిమెంట్‌గా అమ్ముతారు, సీసా మీద రాసినంతే లోపల ఉంటుందన్న భరోసా లేదు. థైరాయిడ్ మాత్ర చీటీ మీద "ఉదయం పరగడుపున" అని ఉంటుంది, ఎవరి ఉదయం? మీ డ్యూటీ వేళలు చెప్పి డాక్టర్ని, ఫార్మసిస్టుని అడగండి.

ఇప్పుడు ఎనిమిదిన్నరకి పడుకుని మూడున్నరకి లేస్తున్నాను. పిల్లల్ని మా వారు తెస్తున్నారు. వ్యాయామం లేచాకే, నాలుగున్నరకి అరగంట నడక. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను.

రాత్రి డ్యూటీ మానెయ్యొచ్చుగా అంటారు. మూడింటికి ఐసీయూలో పసిబిడ్డకి యాంటీబయాటిక్ డోసు ఎవరో ఒకరు సరిచూడాలి.

సంఘం పెద్దలకి నా విన్నపం. నడక పోటీ ఎప్పుడూ శనివారం పొద్దున ఏడింటికే పెడుతున్నారు. అప్పుడు మేం డ్యూటీ దిగుతుంటాం. వంటల సాయానికి మమ్మల్ని మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్లు చేసి లేపకండి, మెసేజ్ పెట్టండి, లేచి చూసుకుంటాం. ఆరోగ్య శిబిరంలో బరువు తూచే ముందు ఎప్పుడు పడుకుంటారు, ఎన్ని గంటలు అని అడగండి. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 25 లోపుంటే ఫర్వాలేదని మన వాళ్ళని పంపెయ్యకండి. మన ఆసియా వాళ్ళకి 23 దగ్గరే షుగర్ పరీక్ష చెయ్యమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. ఈసారి శిబిరం సాయంత్రం అయిదింటికి పెట్టండి. మందుల సందేహాలు తీర్చడానికి ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. నా సెలవు వారం చూసి తేదీ చెబుతాను, వచ్చి కూర్చుంటాను.