తాళం వేసిన బీరువాలో ఓమ్ నియమం

వోల్టేజి పెరిగినకొద్దీ కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందన్న తన నియమాన్ని జార్జ్ ఓమ్ 1827లో అచ్చువేయించాడు. అంతకుముందు తీగల పొడవులు మార్చి మార్చి కొలుచుకున్నాడు, పాపం. మన శ్రీకాకుళం జిల్లా పదో తరగతి పిల్లలు ఆ పనంతా ఒక్క పీరియడులో, తీగ ముట్టుకోకుండానే ముగిస్తున్నారు.

పద్ధతి ఇదీ. సైన్సు బీరువాకి తాళం. లోపల డ్రై సెల్లుల జింకు తొడుగులు చిల్లులుపడి, పేస్టు కారి, హోల్డరు రేకులు చిలుముపట్టి ఉంటాయి. అందుకని మాస్టారు గైడు తెరిచి రీడింగులు చెబుతారు: 1.5 వోల్టులకు 0.3 ఆంపియర్లు, 3కి 0.6, 4.5కి 0.9. క్లాసంతటికీ నిరోధం 5 ఓములే. గ్రాఫులో ముందు స్కేలుతో గీత గీసి, తర్వాత దానిమీద చుక్కలు పెడతారు. ఒక్క చుక్కా పక్కకి పోదు.

‘ఏటి మాస్టారూ, సెల్లే లేదు గదా, కరెంటెలాగొచ్చింది?’

‘రికార్డు మార్కులు అక్కర్లేదేట్రా? రాసుకో.’

అసలు సెల్లు పెడితే ఇంత సుఖం ఉండదు. మీద 1.5 అని ఉన్నా, సర్క్యూట్ మూయగానే వోల్టుమీటరు 1.3కో 1.4కో జారుతుంది, మిగతాది సెల్లు లోపలి నిరోధం మింగేస్తుంది. స్విచ్చులా పనిచేసే ప్లగ్ కీ తీయడం మరిస్తే సెల్లు నీరసించి, రీడింగు కళ్లముందే దిగుతుంది. వోల్టుమీటరు తిరగేసి కలిపితే ముల్లు సున్నాకి ఎడమకి కొట్టుకుంటుంది. దాన్ని శ్రేణిలో, అంటే కరెంటు నడిచే దారిలోనే పెడితే కరెంటు దాదాపు పోనే పోదు. కరెంటు కొలిచే అమ్మీటరుని సమాంతరంగా, అంటే పక్కదారిలా పెడితే ముల్లు చివరికంటా దూకుతుంది, ఒక్కోసారి మీటరే పోతుంది. శ్రేణి, సమాంతరం అంటే ఏమిటో తెలిసేది ఈ తప్పుల్లోనే. పక్కనుండి ‘ఎందుకలా అయింది?’ అని అడగడానికే కదా మాస్టారికి జీతం!

అరసవల్లి స్వామి పాదాలమీద మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ ఎండ ఎందుకు పడుతుందో కూడా పిల్లలే తేల్చగలరు. ఒకటి మార్చి విషువత్తుకి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి, పది రోజుల ముందు, ఇంకోటి సెప్టెంబరు విషువత్తుకి పది రోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు దాదాపు ఒకేచోట ఉదయిస్తాడు. నిలువు కర్ర, పొద్దుటి నీడ చాలు. కర్రకి గైడు లేదు మరి.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో రాసుకున్నాం. పదిహేనేళ్ల పిల్లలచేత మాత్రం చూడనిదాన్ని ‘పరిశీలించాను’ అని రాయిస్తున్నాం. ఇది దొంగసాక్ష్యం! పైగా దానికి మార్కులు! ఏ పిల్లో పట్టుబట్టి తాళం తీయించి, కొత్త సెల్లు తెచ్చుకుని, కొలిచి 1.3 అని రాస్తే, ఎర్ర పెన్నుతో కొట్టేసి 1.5 వేస్తారు. సిగ్గుండాలి.