వస్తువే కదా!

నెలకోసారైనా ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ తిరిగొస్తుంది: "మనుషుల్ని ప్రేమించాలి, వస్తువుల్ని వాడుకోవాలి. వస్తువులకు విలువ లేదని మన దర్శనాలు ఎప్పుడో తేల్చాయి. కథల్లోనూ వస్తువుని ప్రేమించినవాడు పిసినారే." వినసొంపుగా ఉంది. మూడు ముక్కలూ తప్పే.

దర్శనాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఆ దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని నమ్మేవాళ్ల లెక్కలో ద్రవ్యాలు, అంటే మూల వస్తువులు, 9. పృథివి, జలం ఉన్న ఆ వరుసలోనే మనస్సూ ఆత్మా కూడా ఉన్నాయి. వాళ్లకి కుండ మాయ కాదు, నిజంగా ఉన్నదే. ఈ లెక్కనే చెప్పే తర్కశాస్త్ర పాఠ్యగ్రంథం, అన్నంభట్టు 'తర్కసంగ్రహం' చూడండి (ఆయన తెలుగువాడని ప్రసిద్ధి). అందులో లోకంలో ఉన్నవాటిని పదార్థాలనే ఏడు వర్గాలుగా విడదీస్తే, ఏడోది అభావం, అంటే లేకపోవడం. నేల మీద కుండ లేకపోవడం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

ఇక పిసినారి సంగతి. రష్యన్ రచయిత గోగోల్ కథ 'ఓవర్‌కోట్' 1842 నాటిది. అందులో గుమస్తా అకాకీ కొత్త కోటు కోసం సాయంత్రం టీ మానేస్తాడు, కొవ్వొత్తి వెలిగించడు, బూట్ల అడుగులు అరక్కుండా మునివేళ్ల మీద నడుస్తాడు. పీటర్స్‌బర్గ్ చలిలో చిరుగుల కోటుతో తిరిగేవాణ్ని పిసినారి అనడానికి నోరెలా వస్తుంది?

మనకి ఇంకా దగ్గరిది తెలుగు కథకుడు చాసో రాసిన 'వాయులీనం' (అంటే వయొలిన్). భార్య జబ్బు పడితే, వైద్యం కోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్మేస్తాడు. ఆమె బతుకుతుంది. మెసేజ్ లెక్కలో ఇది శుభం కార్డు: వస్తువు పోయింది, మనిషి దక్కింది. మరి చదివినవాళ్లకి గొంతులో ఏదో అడ్డుపడుతుందెందుకు? భర్త చెడ్డవాడేం కాదు, అతనికి వేరే దారి లేదు. కానీ ఆమెలో పాడే మనిషి సగం ఆ చెక్కలోనే ఉంది. అన్నంభట్టు చెప్పిన అభావం ఆ ఇంట్లో కనబడుతుంది.

వాడుకోవడం వేరు, ప్రేమించడం వేరు అన్నది కూడా నాకు మింగుడుపడదు. మా వంటింట్లో అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించిన స్టీలు గిన్నె ఉంది. అంచు సొట్టపోయింది, మూత సరిగ్గా కూర్చోదు. అయినా రోజూ పెరుగు తోడుపెట్టేది అందులోనే.

ఏడాదికో ఫోను మార్చేవాళ్లనే ఆ మెసేజ్ తిడుతోందని కొందరంటారు. అదీ పొరపాటే. వాళ్లకి వస్తువంటే ప్రేమెక్కడిది? పోయినేడాది ఫోను ఏ సొరుగులో పడేశారో అడిగి చూడండి.