ఎలక్ట్రిక్ కారు లెక్క సెల్లార్‌లో తేలుతుంది

హైదరాబాద్‌లో కొత్త కారు కొనే ఆలోచన చేస్తున్న ఏ ఇంట్లోనైనా ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు ప్రస్తావన రాక తప్పదు. అది వచ్చిందంటే ఆ వెనకే టాటా నెక్సాన్ ఈవీ (ఈవీ అంటే ఎలక్ట్రిక్ వాహనం) పేరూ వస్తుంది. 2020 జనవరిలో 13.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చిన ఈ బండి, ఎలక్ట్రిక్ కారు అనే మాటను మధ్యతరగతి ఇళ్ల దాకా తెచ్చింది. ఆ తర్వాత టియాగో, పంచ్, కర్వ్, హారియర్‌లను కూడా బ్యాటరీ మీద నడిపించిన టాటా సంస్థ, ఒక దశలో దేశంలో అమ్ముడైన ప్రతి పది ఎలక్ట్రిక్ కార్లలో ఏడింటిని తానే అమ్మింది. ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6 లాంటివి రంగంలోకి దిగాక ఆ వాటా బాగా తగ్గిన మాట నిజమే గానీ, గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ నంబరు ప్లేట్లు లెక్కపెడుతూ కూర్చుంటే ఇప్పటికీ ఈ కంపెనీ బండ్లే ఎక్కువగా కళ్లబడుతుంటాయి. కొనవచ్చా అని అడిగేవారికి సాధారణంగా రేంజి (ఒక్క ఛార్జ్‌తో వెళ్లగల దూరం) గురించో, ఫీచర్ల గురించో జవాబు వస్తుంది. రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్న నేను మాత్రం ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. రాత్రిపూట మీ కారు ఎక్కడ నిలబడుతుంది, అక్కడికి మీ మీటరు నుంచి కరెంటు తెచ్చుకోగలరా?

ఆ ప్రశ్నకు అంత బరువు ఎందుకో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లివచ్చే ఒక ఉద్యోగి నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉన్న నెక్సాన్‌కు అధికారిక పరీక్షలో తేలిన రేంజి 489 కిలోమీటర్లయినా, రోడ్డు మీద 350 నుంచి 370 వరకు ఆశించవచ్చని కంపెనీయే చెబుతోంది. ఈ విషయంలో ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఛార్జింగ్‌లో వేడి రూపంలో పోయేదాన్ని కూడా కలుపుకుని, మీటరులో తిరిగిన ఒక్కో యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తాయని తక్కువలో తక్కువగా వేసుకుంటే, నెలకు 185 యూనిట్లు కావాలి. ఆ ఇంట్లో అప్పటికే 250 యూనిట్లు కాలుతుంటే, కారు కోసం కలిసేవన్నీ పై స్లాబుల్లోకి వెళతాయి. మూడు వందల వరకు యూనిట్‌కు 7.70, ఆపైన నాలుగు వందల వరకు 9 రూపాయలు, అది దాటితే 9.50 చొప్పున కట్టాలి. ఇంత పై స్లాబులో కట్టినా కారు వాటా 1,600 రూపాయల చిల్లరకు మించదు. అదే తరహా పెట్రోల్ బండి మన ట్రాఫిక్‌లో లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే వంద లీటర్లు పోయించాలి. లీటరుకు 107 రూపాయల చొప్పున వేసుకుంటే అది 10,700. నెలకు తొమ్మిది వేల దాకా, ఏడాదికి లక్ష రూపాయలకు పైగా తేడా వస్తున్నప్పుడు ఈ బండి మీద జనం మనసు పడటంలో ఆశ్చర్యం లేదు.

దీనికి తోడు, పెట్రోల్ బండికి శాపంగా ఉండే మన ట్రాఫిక్కే ఎలక్ట్రిక్ బండికి కలిసివస్తుంది. కొండాపూర్ నుంచి మాదాపూర్ వరకు ఆగి ఆగి కదిలే దారిలో ఇంజిను ఊరికే తిరుగుతూ పెట్రోల్ తాగుతుంటే, ఎలక్ట్రిక్ బండిలో మోటారు మాత్రం నిలబడ్డంతసేపు కరెంటు తీసుకోదు, ఏసీలాంటి వాటికే కాస్త ఖర్చవుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడల్లా ఆ మోటారే కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి జమ చేస్తుంది కూడా. క్లచ్, గేరు బాధ లేకుండా సాయంత్రం ఇల్లు చేరడంలో ఉన్న సుఖం రూపాయల్లో చెప్పేది కాదు.

ఇదంతా ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవారి మాట. ఆ ఛార్జింగ్ పెట్టించుకోవడం ఎలా ఉంటుందో నా అనుభవం చెబుతాను. మా అపార్ట్‌మెంట్ ఇరవై ఏళ్ల నాటిది, మీటర్ల బోర్డు సెల్లార్‌లో మెట్ల పక్కన ఉంటుంది. అక్కడి నుంచి మూడు పిల్లర్ల అవతల ఉన్న నా స్లాట్ వరకు పైపులో 6 ఎంఎం కాపర్ వైరు లాగించి, ఎంసీబీతో (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్‌తో) సహా 16 ఆంప్స్ సాకెట్ పెట్టించాను. ఆ రాత్రి కారుతో వచ్చిన ఛార్జర్‌ను తగిలిస్తే ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ కారు వంకయినా చూడకుండా, హోల్డరుకు బిగించిన వంద వాట్ల బల్బు ఒకటి సంచిలోంచి తీసి, ఒక తీగను ఫేజులో, రెండోదాన్ని ఎర్త్‌లో పెట్టాడు. బల్బు మిణుగురులా వెలిగింది. "బండిది కాదు సార్, మీ బిల్డింగుకే ఎర్తింగ్ లేదు" అన్నాడు. గేటు పక్కన పూలకుండీ జరిపితే, దాని కింద ఎప్పుడో ఎండిపోయిన ఎర్తింగ్ గుంత బయటపడింది. కళ్లుప్పు, బొగ్గు కొత్తగా వేయించి, వాచ్‌మన్ చేత ఎనిమిది బకెట్ల బోరు నీళ్లు పోయించాక అదే బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది, ఛార్జర్ మీద పచ్చ లైటు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, గీజర్లు అన్నీ ఎర్తింగ్ లేకుండానే నడిచిపోయాయన్నమాట. మొదటిసారి మొండికేసింది ఈ కారొక్కటే. ఇప్పుడు వేసవిలో ప్రతి ఆదివారం ఆ గుంతకు రెండు బకెట్ల నీళ్లు పోస్తారు.

మామూలు 16 ఆంప్స్ సాకెట్ నుంచి ఎనిమిది గంటల్లో సుమారు 26 యూనిట్లు ఎక్కుతాయి, అంటే తెల్లారేసరికి నూట అరవై, నూట డెబ్బై కిలోమీటర్లు తిరగడానికి సరిపడా. ఊళ్లో తిరిగేవారికి ఇది చాలు. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ లేకపోతే బండి కొనడం దండగని చెప్పేవారి మాట అందరూ పట్టించుకోవలసినది కాదు.

వైరు లాగడం కంటే కష్టమైనది అసోసియేషన్ మీటింగ్. సెల్లార్‌లో నిప్పు అంటుకుంటే పైన ఉన్న నలభై కుటుంబాల సంగతేమిటని మా పక్క ఫ్లాట్ పెద్దాయన లేచి అడిగినప్పుడు ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన మంటల పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి ఎనిమిది మందిని బలి తీసుకున్న సంగతి ఈ ఊరు ఇంకా మరచిపోలేదు. అదే ఏడాది జూన్‌లో ముంబై శివారులోని వసాయిలో ఒక నెక్సాన్ ఈవీ తగలబడిన వీడియో కూడా అందరి ఫోన్లలోకి వచ్చింది. అయితే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అనేక స్కూటర్లు, బ్యాటరీలు ఒకేచోట పెట్టిన దుకాణం వేరు, సెల్లార్‌లో నిలబడి ఉన్న ఒక్క కారు వేరు. పైగా నెక్సాన్‌లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనం. నికెల్, కోబాల్ట్ ఉన్న రకాల కంటే ఇది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, తేలిగ్గా అంటుకోదు. 43 డిగ్రీల ఎండలు కాసే ఊరికి అది మేలైన గుణమే. 2022 తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది కూడా. నా అంచనాలో సెల్లార్‌కు అసలు ప్రమాదం సన్నపు వైరుతో, వదులు సాకెట్‌తో, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో చేసే దొంగచాటు ఛార్జింగ్ వల్ల ఉంది. అసోసియేషన్ అనుమతి నిరాకరించే కొద్దీ అదే పెరుగుతుంది.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందే ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడిగి తీసుకోవచ్చు. పార్కింగ్‌లో 20 శాతం స్థలానికి ఛార్జింగ్ వసతి ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనల్లో చేర్చింది. కానీ కాగితం మీది హక్కును పట్టుకుని రోజూ లిఫ్టులో ఎదురుపడే మనుషులతో తగాదా పెట్టుకునేవారు ఎందరుంటారు? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిపించుకున్న నగరంలో, పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక సాకెట్ కోసం మూడు మీటింగులు పట్టడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

సాకెట్ దొరకనివారు బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీద ఆధారపడాలి. అక్కడ 18 శాతం జీఎస్టీతో కలిపి యూనిట్‌కు 20 నుంచి 25 రూపాయలు అవుతుంది. అదే 1,200 కిలోమీటర్లకు నెలకు సుమారు నాలుగు వేలు. పెట్రోల్ కంటే తక్కువే గానీ, వారానికి రెండుసార్లు గంటేసి చొప్పున మాల్ పార్కింగ్‌లోనో బంకు పక్కనో కాపలా కాసే ఓపిక కూడా ఆ ఖర్చులో కలిపి చూసుకోవాలి. ఇలా బతకవలసి వచ్చేవారికి ఎలక్ట్రిక్ కారు కొనమని నేను సలహా ఇవ్వను, అది ఎంత పేరున్న కంపెనీదైనా సరే.

ఊరు దాటాక లెక్క మళ్లీ మారుతుంది. పెట్రోల్ కారు హైవే మీద ఎక్కువ మైలేజీ ఇస్తుందన్న మన అలవాటు జ్ఞానం ఇక్కడ తలకిందులవుతుంది. వేగం 80 నుంచి 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది, దాన్ని బ్యాటరీయే మోయాలి. 120 వరకు అనుమతి ఉన్న ఔటర్ రింగు రోడ్డు మీద పది నిమిషాలు హుషారుగా నడిపితే డిస్‌ప్లే మీద రేంజి కరిగిపోవడం కళ్లారా చూడవచ్చు. విజయవాడ ఇక్కడి నుంచి సుమారు 270 కిలోమీటర్లు. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో ఆ దూరం ఒక్క ఛార్జ్‌తో వెళ్లగలమేమో గానీ, చివరి ముప్పై కిలోమీటర్లు ఎవరూ మాట్లాడకుండా అంకె వంక చూస్తూ కూర్చోవాలి. అందుకే చాలామంది ఛార్జింగ్ కోసం దారిలో సూర్యాపేట దగ్గర ఆగుతారు. మామూలు రోజుల్లో టిఫిన్ ముగిసేసరికి పని అయిపోతుంది. సంక్రాంతి ముందు రోజు మేము వెళ్లినప్పుడు ఒక హోటల్ ఆవరణలో రెండు ఛార్జింగ్ గన్‌లు (కారుకు తగిలించే ప్లగ్గులు) ఉన్నాయి, ఒకటి పనిచేయడం లేదు, రెండోదాని ముందు మూడు కార్లు. యాప్ వాలెట్‌లో డబ్బు వేసుకోమంటుంది, వేశాక మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. రెండు గన్‌లు పనిచేసే చోట కూడా చాలా యంత్రాలు ఉన్న శక్తినే రెండు బండ్లకూ పంచుతాయి కాబట్టి, 60 కిలోవాట్ల బోర్డు చూసి ఆగినవాడికి 30 మాత్రమే అందవచ్చు. ఆ రోజు అదే దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర పోయిన సమయం కంటే ఇక్కడే ఎక్కువ పోయింది.

పేరున్న కంపెనీ బండి కొనడంలో ఉన్న మరో చిక్కు గురించి తక్కువగా మాట్లాడతారు. 2020లో 13.99 లక్షలు పెట్టి 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 312 కిలోమీటర్ల ధ్రువీకృత రేంజి ఉన్న కారు కొన్నవాడు, 2024 సెప్టెంబరులో సరిగ్గా అదే ప్రారంభ ధరకు 45 కిలోవాట్ అవర్ బండి రావడం చూశాడు. ఆ మధ్యలో 2024 ఫిబ్రవరిలో నెక్సాన్ ఈవీ ధర 1.20 లక్షల వరకు తగ్గింది కూడా. కొత్తగా కొనేవాడికి ఇది శుభవార్తే గానీ, పాత బండి అమ్ముకోవాలనుకునేవాడికి దెబ్బ. వారంటీ మాట కూడా పూర్తిగా చదువుకోవాలి. 2025లో ప్రకటించిన బ్యాటరీ జీవితకాల వారంటీ అంటే రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు, అదీ మొదటి సొంతదారుకే. బండి చేతులు మారితే పాత పద్ధతిలో 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందయితే అది. కాబట్టి మూడేళ్లకోసారి కారు మార్చేవారికి ఇది లాభసాటి కాదు. పదేళ్లు అట్టిపెట్టుకునేవారికి మాత్రం ఆ వారంటీ నిజంగా విలువైనది.

బీమా విషయం ఒక్కమాటలో చెబుతాను. బ్యాటరీ నీట మునిగినా తట్టుకునే ఐపీ67 ప్రమాణం ఒక మీటరు లోతులో అరగంట సేపటికే వర్తిస్తుంది. 2020 అక్టోబరు వానల్లో ఈ నగరంలో సెల్లార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బ్యాటరీకి విడిగా రక్షణ ఇచ్చే పాలసీ తీసుకోకుండా లోతట్టు కాలనీలో ఈవీ పెట్టుకోకూడదు.

పన్నుల వైపు నుంచి చూస్తే ఇప్పుడు కొనడానికి కారణం ఉంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఈవీలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 14 లక్షల బండి మీద ఇది రెండు లక్షల పైచిలుకు మిగులు. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఈవీలకు 5 శాతమే కొనసాగింది. రెంటి మధ్య దూరం మునుపటికంటే తగ్గింది గనుక, రాష్ట్రం ఇచ్చే మినహాయింపు లేకుండా చూస్తే ధరల పోలిక అంత ఏకపక్షంగా ఉండదు.

ఈ మినహాయింపు చూసి నిరుడు బండి బుక్ చేసిన మిత్రుడొకరు అద్దె ఇంట్లో ఉండేవాడు. వాళ్ల ఇంటి యజమాని వైరు లాగడానికి ఒప్పుకోలేదు. డెలివరీకి నెల రోజులుందనగా బాచుపల్లి, ప్రగతినగర్ వీధుల్లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాడు. అద్దె ఇల్లు వెతికేవారు మన ఊళ్లో మొదట అడిగే మాట మంజీరా నీళ్లు వస్తాయా అని. అతను గేటు తీసిన ప్రతి వాచ్‌మన్‌నూ ముందు మీటర్ల బోర్డు ఎక్కడుందో అడిగేవాడు, ఆ తర్వాతే ఫ్లాట్ చూడటానికి పైకి ఎక్కేవాడు.