సోర్సు ఉందిగా, కంపైల్ కొట్టేయొచ్చుగా!

ఉత్తరాలు, లెక్కల షీట్లు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఆఫీస్‌ను ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ల మీదికి తెచ్చిన పేరంతా ఇంజనీర్లే కొట్టేశారు. ఇది అన్యాయం. ఏళ్ల తరబడి ఒక్క లైను కోడ్ రాయకుండా, ఒక్క బగ్ కూడా నమోదు చేయకుండా, ‘సోర్సు ఉందిగా, కంపైల్ కొట్టేయొచ్చుగా’ అని అలుపెరగకుండా చెప్పిన సలహాదారులను ఎవరూ తలుచుకోలేదు. సోర్సు అంటే మనుషులు రాసిన కోడ్, కంపైల్ అంటే దాన్ని కంప్యూటర్ నడపగల ప్రోగ్రామ్‌గా మార్చడం. వారి తరఫున వకాల్తా పుచ్చుకుని, ఇంజనీర్లు చెప్పిన సాకులు ఎంత పసలేనివో తేల్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు తేదీలు చూద్దాం. జర్మనీలో స్టార్ డివిజన్ అనే కంపెనీ చేసిన స్టార్ ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది. 2000 అక్టోబర్ 13న దాని సోర్సు బయట పెట్టింది. 2001 మార్చిలో మ్యాక్ ఓఎస్ టెన్ మొదటి వెర్షన్ వచ్చింది. మ్యాక్ సొంత వేషంలో ఓపెన్ ఆఫీస్ 3.0 విడుదలైంది ఎప్పుడయ్యా అంటే, 2008 అక్టోబర్ 13న. సరిగ్గా ఎనిమిదేళ్లు, తారీఖు కూడా తప్పలేదు. ఇంత పద్ధతిగా ఆలస్యం చేశారంటే కావాలని చేసినట్టే కదా.

సాకుల్లో మొదటిది, అసలు బిల్డే కాలేదట. సీ ప్లస్ ప్లస్ భాషలో లక్షల లైన్ల కోడ్ అట. దాన్ని కట్టడానికి లోకమంతా వాడే మేక్ కాకుండా డీమేక్ అనే మరో పనిముట్టు కావాలట, దాని మీద మళ్లీ పెర్ల్ స్క్రిప్టులట. పైగా కోడ్‌లో కామెంట్లు బోలెడన్ని జర్మన్‌లో ఉన్నాయట. అది నిజమే లెండి. తర్వాత ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి అదే కోడ్‌ను ముందుకు నడిపిన లిబ్రే ఆఫీస్ వాళ్లు వాటిని ఇంగ్లీషులోకి మార్చడానికే కొన్నేళ్లు పట్టింది. అయినా అదొక కారణమా? జర్మన్ నేర్చుకోవద్దని ఎవరైనా అడ్డం పడ్డారా?

ఇంకో ఏడుపు ఫైళ్ల పేర్ల గురించి. లినక్స్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్లో ఉండొచ్చు. మ్యాక్ డిస్కు మామూలుగా ఆ తేడా పట్టించుకోదు. సోర్సు దించుకుంటుంటే రెండోది మొదటిదాని మీద పడి తుడిచేస్తుంది. ఆ తర్వాత కంపైలర్ ఎక్కడో సంబంధం లేని చోట ఏడుస్తుంది.

ఈ ఫైళ్ల గొడవలో తెలుగువాళ్లకూ వాటా ఉంది. ‘వైద్య ఖర్చులు’ అని ఒక షీటు ఫైలుకు పేరు పెట్టారనుకోండి. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఐత్వానికి ఒక కోడ్ ఉంది. దాన్నే ఎత్వం గుర్తు, దాని కింద వచ్చే కొక్కెం గుర్తు అని రెండు ముక్కలుగా విడదీసి కూడా రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. ఆనాటి మ్యాక్ ఫైల్ సిస్టం హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ఎప్పుడూ విడదీసే దాచేది. మీరు ఒక్క కోడ్‌తో ఇచ్చిన పేరు, డిస్కు మీంచి తిరిగొచ్చేసరికి రెండు కోడ్‌లయ్యేది. అక్షరం అక్షరం పోల్చి చూసే ప్రోగ్రామ్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. కళ్లెదుటే ఫైలు కనిపిస్తుంటే ‘ఫైలు లేదు’ అని చెప్పగల శక్తి అలా వస్తుంది. సలహాదారుల పరిష్కారం సులువు: ఐత్వం లేని పేర్లు పెట్టుకోండి.

రెండో సాకు వినడానికి గంభీరంగా ఉంటుంది కాబట్టి కాస్త ఓపిక పట్టాలి. ఓపెన్ ఆఫీస్‌లో ముక్కలన్నీ యూనో అనే పద్ధతిలో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. జావాలో రాసిన ముక్క సీ ప్లస్ ప్లస్ ముక్కను పిలవాలన్నా అదే దారి. ఆ పిలుపుకు మధ్యలో వంతెన ఉంటుంది. పంపే విలువల్లో ఏది ప్రాసెసర్‌లోని ఏ రిజిస్టర్ అనే గడిలో వెళ్తుంది, ఏది మెమరీలోని స్టాక్ అనే దొంతర మీద కూర్చుంటుంది, తిరిగొచ్చే విలువ ఎక్కడ దిగుతుంది అన్నది ఆ వంతెన లెక్క. ప్రాసెసర్ మారినా, కంపైలర్ పద్ధతి మారినా దాన్ని మళ్లీ రాయాలి, అదీ కొంత ప్రాసెసర్ సొంత భాష అసెంబ్లీలో.

అప్పటి మ్యాక్‌ల ప్రాసెసర్ పవర్ పీసీకి ఒక వంతెన కట్టారు. 2006లో ఆపిల్ ఇంటెల్‌కి మారింది. ‘లినక్స్‌లో ఇంటెల్ వంతెన ఉంది కదా, కాపీ కొట్టండి’ అన్నారు మనవాళ్లు. మంచి సలహానే. కాకపోతే ఇంటెల్ మ్యాక్‌లో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు స్టాక్ 16 బైట్ల హద్దు మీద ఉండి తీరాలి. 1, 2, 4, 8 బైట్ల చిన్న స్ట్రక్చర్లు, అంటే కొన్ని విలువల కట్టలు, రిజిస్టర్లలో తిరిగొస్తాయి. 32-బిట్ లినక్స్‌లో అవే మెమరీ గుండా వస్తాయి. కాపీ కొడితే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, నాలుగు మెనూలు బాగానే పనిచేస్తాయి, అయిదో దాంట్లో చిన్న స్ట్రక్చర్ ఒకటి తిరిగొచ్చేచోట కుప్పకూలుతుంది. అయిదింట నాలుగు పనిచేశాక ఇంకా ఫిర్యాదేమిటని సలహాదారులు అడిగిన మాట సబబుగానే ఉంది. 2020లో ఆపిల్ మళ్లీ సొంత చిప్పులకు మారింది, వంతెన మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కొత్త నియమం ఒకటి: మెమరీలో ఒక పేజీ మీద ఒకే సమయంలో రాయడమూ, దాన్నే నడపడమూ కుదరదు. ఈ వంతెన చేసే పనేమో నడుస్తూ నడుస్తూ చిన్న చిన్న కోడ్ ముక్కలు పుట్టించడం. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండి, ఇక్కడ మద్దెలను పధ్నాలుగేళ్లకోసారి ఆపిల్ స్వయంగా మారుస్తోంది.

సరే, 2003 నాటికి ఏదో ఒకటి తెచ్చారు. అది ఎక్స్ ఎలెవెన్ మీద నడిచేది. అంటే యూనిక్స్ యంత్రాల్లో కిటికీలు గీసే పాత వ్యవస్థను మ్యాక్ లోపల మరో ప్రోగ్రామ్‌గా పెట్టి, దాని లోపల ఓపెన్ ఆఫీస్‌ను కూర్చోబెట్టారు. ముందు ఎక్స్ ఎలెవెన్ వేసుకోవాలి, తర్వాత ఆఫీస్. మ్యాక్‌లో ఉన్న ఫాంట్లు దానికి కనబడవు, ఫాండు అనే పనిముట్టుతో మార్చి ఇవ్వాలి. ప్రింటర్‌ను ఎస్పీ అడ్మిన్ అనే మరో కిటికీలో విడిగా పరిచయం చేయాలి. కాపీకి మ్యాక్ అంతటా కమాండ్ సీ అయితే ఇందులో కంట్రోల్ సీ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అక్కడ కాపీ చేసి ఇక్కడ అతికిద్దామంటే క్లిప్‌బోర్డు మధ్య దారిలో మర్చిపోయేది.

అయితే ఒక్క మాట. సంతకం చేయాల్సిన ఉత్తరం ఉన్నవాడికి అదీ పనికొచ్చింది. ఫైలు తెరుచుకుంది, లెక్క సరిపోయింది, కాగితం మీద అచ్చయింది. వాడిని ఎవరూ ఇంటర్వ్యూ చేయలేదు.

ఈలోగా ఇద్దరు ప్రోగ్రామర్లు నియో ఆఫీస్ మొదలుపెట్టారు. కిటికీలు గీయడానికి, కీబోర్డు అందుకోవడానికి మ్యాక్‌లో ఉన్న జావాను మధ్యవర్తిగా పెట్టి, ఎక్స్ ఎలెవెన్ గొడవ వదిలించేశారు. 2005కల్లా మ్యాక్ మెనూలతో, మ్యాక్ ఫాంట్లతో నడిచే సరుకు జనం చేతిలో పెట్టారు. మరి ఆ కోడ్ తీసి ఓపెన్ ఆఫీస్‌లో కలిపేయొచ్చుగా? ఇక్కడ లాయర్లు దిగుతారు. నియో ఆఫీస్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉండేది. ఓపెన్ ఆఫీస్‌ది దానికంటే సడలింపు ఎక్కువున్న ఎల్‌జీపీఎల్, పైగా కోడ్ ఇచ్చేవాళ్లు సన్‌కు కూడా కాపీరైటులో భాగం రాసివ్వాల్సి ఉండేది. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అందుకే నియో ఆఫీస్ కోడ్ ఓపెన్ ఆఫీస్‌లోకి వెళ్లే స్వేచ్ఛ లేకపోయింది.

అసలు పని ఆక్వా రూపంలో, అంటే మ్యాక్ సొంత మెనూలు, కిటికీల వేషంలో. ఇది ఇల్లరికం. అల్లుడు ఎంత సంపాదనపరుడైనా అత్తవారింటి పద్ధతిలో కూర్చోవాలి, లేవాలి. మ్యాక్‌లో మెనూ ఒక్కటే, తెర పైన. ఓపెన్ ఆఫీస్‌కేమో ప్రతి కిటికీకీ ఒక మెనూ. టూల్స్ కింద ఉండే ఆప్షన్స్‌ను తీసి ప్రోగ్రామ్ పేరు కింద, అప్పటి మ్యాక్ పద్ధతిలో ప్రిఫరెన్సెస్‌గా పెట్టాలి, కమాండ్ కామా కొడితే తెరుచుకోవాలి. డైలాగుల్లో ఓకే కుడి చివర ఉండాలి. అన్నిటికంటే ఇబ్బంది ఏమిటంటే, చివరి కిటికీ మూసినా మ్యాక్‌లో ప్రోగ్రామ్ బతికే ఉండాలి, మెనూ పైన అలాగే వేలాడాలి. ఏ డాక్యుమెంటూ లేనప్పుడు ఆ మెనూ దేనికి జవాబు చెప్పాలో ఓపెన్ ఆఫీస్‌కు పుట్టి బుద్ధెరిగాక తెలియదు.

గీతల సంగతి మరీ విడ్డూరం. విండోస్‌లో, ఎక్స్ ఎలెవెన్‌లో వై కొలత పై నుంచి కిందికి. మ్యాక్‌లో బొమ్మలు గీసే క్వార్ట్జ్‌లో కింద నుంచి పైకి. తిరగేయడం మర్చిపోయిన ప్రతిచోటా బొమ్మ శీర్షాసనం వేస్తుంది. ఎంపిక చేసిన భాగాన్ని, లాగుతున్న చట్రాన్ని చూపడానికి ఓపెన్ ఆఫీస్ ఎక్స్ఓఆర్ చిట్కా వాడేది. రంగు బిట్లను ఒకసారి తిప్పితే గీత కనిపిస్తుంది, రెండోసారి తిప్పితే పాత బొమ్మ చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. చవకైన, అందమైన పద్ధతి. క్వార్ట్జ్‌లో ఇలా బిట్లు తిప్పే ఎక్స్ఓఆర్ లేనే లేదు. పక్కన ఇంకో బిట్‌మ్యాప్ పెట్టుకుని, గీత దాంట్లో గీసి, పిక్సెల్ పిక్సెల్ చేత్తో తిప్పి, మళ్లీ తెచ్చి అతికించారు. ఆ కోడ్ చదివితే జాలేస్తుంది. సలహాదారులకు చదివే తీరిక లేదు కాబట్టి బతికిపోయారు.

స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఈ తంటాలను కార్బన్ అనే ఆపిల్ ఏపీఐ (ప్రోగ్రాములు సిస్టంను పని అడిగే దారి) మీద మొదలుపెట్టారు. 2007 మేలో సన్ కూడా తన మనుషులను ఈ పనిలోకి దించింది. సరిగ్గా మరుసటి నెల, 64-బిట్ కార్బన్ ఇక రాదని ఆపిల్ తేల్చింది. కిటికీల పని కోకో అనే ఆపిల్ మరో ఏపీఐకి మారింది. ముహూర్తబలం అంటే ఇదే.

తెలుగువాళ్ల బాధ మాత్రం 3.0తో తీరలేదు. అక్షరాలు పేర్చే పనిని ఓపెన్ ఆఫీస్ ఎక్కడికక్కడ స్థానిక యంత్రాంగానికి అప్పగించింది. విండోస్‌లో యూనిస్క్రైబ్, లినక్స్‌లో ఐసీయూ, మ్యాక్‌లో ఆపిల్ వారి సొంతది. ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో పోతన, గౌతమి లాంటి ఫాంట్లు తమలోని ఓపెన్‌టైప్ అనే పద్ధతి పట్టికల్లో చెబుతాయి. అప్పటి ఆపిల్ యంత్రాంగం మన లిపులకు తన సొంత పద్ధతి అయిన ఏఏటీ పట్టికలనే అడిగేది. విండోస్‌లో ‘రాష్ట్రం’ అని శుభ్రంగా టైపు చేసిన అర్జీ, మ్యాక్‌లో ‘రాష్‌ట్‌రం’ అని ముక్కలై తెరుచుకునేది. 2011లో లయన్ అనే మ్యాక్ వెర్షన్‌తో ఆపిల్ తన తెలుగు ఫాంట్లు ఇచ్చింది. అప్పుడు ఆ ఫాంటుతో రాసింది మ్యాక్‌లో బాగుండేది, అవతలివాడి దగ్గర ఆ ఫాంటే ఉండేది కాదు. వేరే ఫాంటు వచ్చి కూర్చుంటే లైను ఒక మాట ముందే తెగి, రెండు పేజీల అర్జీ మూడో పేజీకి పాకి, సంతకం ఒక్కటే ఆ పేజీలో ఒంటరిగా మిగిలేది. 2017 ఫిబ్రవరిలో లిబ్రే ఆఫీస్ 5.3 అన్ని సిస్టములకూ హార్ఫ్‌బజ్ అనే ఒకే పేర్పరిని పెట్టాక ఈ తగువు చాలావరకు సద్దుమణిగింది. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే: ఫైల్ మెనూలో ప్రాపర్టీస్‌కు వెళ్లి, ఫాంట్ ట్యాబ్‌లో ఫాంట్లను డాక్యుమెంటులోనే పొదిగే గడికి టిక్కు పెట్టండి. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లకు ఈ మందు పనిచేయదు. వాటిలో ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలే కావు, ముందు కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి.

ఇన్ని చేసినా ఆపిల్ గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. ఏడాదికి 99 డాలర్లు కట్టి డెవలపర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, ప్రతి లైబ్రరీ మీదా సంతకం చేయాలి. 2019లో కాటలీనా అనే మ్యాక్ వెర్షన్ వచ్చాక ఆపిల్ సర్వర్‌కు పంపి ముద్ర కూడా వేయించుకోవాలి. లోపలున్న వందలాది ఫైళ్లలో ఒక్కదాని సంతకం తప్పినా మొత్తం వెనక్కొస్తుంది. 2022లో లిబ్రే ఆఫీస్‌ను నడిపే సంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్ మ్యాక్ యాప్ స్టోర్‌లో లిబ్రే ఆఫీస్‌ను 8.99 యూరోలకు పెట్టింది. తమ సైట్లో ఎప్పట్లాగే ఉచితం. అభివృద్ధి ఖర్చులకు పనికొస్తుందని ఈ ధర. సలహాదారులు మొదటిసారి నిజంగా కదిలిపోయింది అప్పుడే. ఓపెన్ సోర్సుకు డబ్బులా!

వారి సేవలు ఇక వృథా కాకూడదు. లిబ్రే ఆఫీస్ సోర్సు గిట్ అనే కోడ్ భాండారంలో ఉంది. మ్యాక్‌లో ఆపిల్ వారి ప్రోగ్రామింగ్ పనిముట్టు ఎక్స్‌కోడ్ వేసుకుని, డిస్కులో పదుల జీబీలు ఖాళీ చేసుకుని, గిట్ క్లోన్ కొట్టి, ఆటోజెన్ నడిపి, మేక్ అనాలి. మొదటిసారి గంటలు పడుతుంది, ఛార్జర్ పెట్టుకోండి. కొత్తవాళ్ల కోసం ఈజీ హ్యాక్స్ అనే పనుల జాబితా ఉంది. మ్యాక్ కోడ్ వీసీఎల్ ఫోల్డర్లో ఓఎస్ఎక్స్ కింద ఉంటుంది, ఆబ్జెక్టివ్ సీ భాష వచ్చినవాళ్లు అక్కడ ఎప్పుడూ తక్కువే. సలహాదారులందరూ ఒక్కసారే వచ్చి మీద పడితే కోడ్ సమీక్షించేవాళ్లు తట్టుకోలేరు, కాబట్టి దయచేసి వరుసలో రండి.