నట్టు విరిగితే కేసు డ్రైవరు మీదేనా?

చక్రం ఊడిన కారు కాలువలోకి దూసుకుపోతే మన దగ్గర పోలీసులు మొదట రాసేది నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసు. ఆ చక్రాన్ని పట్టి ఉంచవలసిన నాలుగైదు నట్లు ఏమయ్యాయో, వాటిని ఎప్పుడు, ఎవరు, ఎంత బలంతో బిగించారో ఆరా తీసే ఓపిక ఆ తర్వాతి కాగితాల్లోనూ కనిపించదు. చక్రాల నట్లలోని లోపాన్ని పంక్చర్ షాపులో తేల్చుకోవలసిన చికాకుగా చూడటం ఇకనైనా మానాలి. బ్రేకులు, స్టీరింగు ఏ వరుసలో ఉన్నాయో చట్టం ముందు వీటినీ అదే వరుసలో నిలబెట్టాలి. గోదావరి డెల్టాలో ఈ అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి గాలిలో, నీటిలో, రోడ్ల తీరులోనే నట్టుకు శత్రువులు ఉన్నాయి.

చక్రాల నట్లు, బోల్టుల లోపాలతో రెండు పెద్ద కార్ల సంస్థలు ఇప్పటికే చిక్కుల్లో పడ్డాయి, ఆ నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో ఫోర్డ్ వాహనదారులు రెండు ముక్కల నట్ల గురించి కోర్టుకెక్కారు. లోపల మామూలు ఉక్కు నట్టు, దాని మీద మెరుపు కోసం తొడిగిన పలుచని లోహపు టోపీ. ఆ రెండింటి సందులోకి తేమ చేరితే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి టోపీ ఉబ్బుతుంది, ఉబ్బిన నట్టుకు కారుతో ఇచ్చిన పానా పట్టదు. జాకీ, స్టెప్నీ, పానా అన్నీ చేతిలో ఉండి కూడా రోడ్డు పక్కన చక్రం విప్పలేని దుస్థితి అది. టొయోటా వ్యవహారం ఇంకా తీవ్రమైనది. మార్కెట్లోకి వచ్చి రెండు నెలలైనా నిండకముందే, 2022 జూన్‌లో, ఆ సంస్థ తన బీజెడ్4ఎక్స్ విద్యుత్ కార్లను ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,700 వెనక్కి పిలిచింది. చక్రాన్ని తగిలించే హబ్బుకు బిగించే బోల్టులు వదులై చక్రం ఊడిపోవచ్చునని, మరమ్మతు దొరికేదాకా ఆ కార్లు నడపవద్దని యజమానులకు చెప్పింది. అంత పెద్ద సంస్థ సరికొత్త కారులోనే ఈ తప్పు దొర్లిందంటే, ఇది చదువురాని మెకానిక్ చేతి దోషమనే మాట అక్కడే వీగిపోయింది.

ఈ నట్టు చేసే పని ఏమిటో చాలామంది కారు యజమానులకు తెలియదు. కారు బరువు స్టడ్ల మీద, అంటే హబ్బు నుంచి బయటికి పొడుచుకొచ్చి నట్లు ఎక్కే మర కడ్డీల మీద వేలాడుతోందని అనుకుంటారు. నిజానికి నట్టు పని చక్రాన్ని హబ్బు ముఖానికి అదిమి పట్టడం వరకే. అలా అదిమినప్పుడు రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే ఘర్షణే కారు బరువును, బ్రేకు తాకిడిని, మలుపుల్లో పక్కకు లాగే బలాన్ని మోస్తుంది. స్టడ్డు అడ్డంగా బరువు మోయడం మొదలుపెట్టిందంటే అప్పటికే బిగింపు పోయిందని అర్థం. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో), అంటే చిన్న కార్లకు సాధారణంగా చెప్పే స్థాయిలో బిగిస్తే, దానిలో పుట్టే లాగుడు బలం సుమారు 4 టన్నులు ఉంటుంది. అయితే మనం పెట్టిన శ్రమలో దాదాపు పదో వంతు మాత్రమే ఈ బిగింపుగా మారుతుందనీ, మిగిలినదంతా త్రెడ్ల (మరల) రాపిడికీ, నట్టు చక్రం మీద కూర్చునే చోట పుట్టే రాపిడికీ ఖర్చయిపోతుందనీ ఇంజనీరింగ్ విద్యార్థులు చదువుకునే విషయమే.

అసలు ప్రమాదమంతా ఈ పదో వంతులోనే దాగి ఉంది. త్రెడ్డు తుప్పు పట్టినా, టోపీ కింద నట్టు రూపం చెడినా రాపిడి వాటా పెరుగుతుంది, బిగింపు వాటా తగ్గుతుంది. పది శాతం ఏడు శాతానికి పడిపోతే 4 టన్నుల బిగింపు 3 టన్నుల లోపుకు వస్తుంది. టార్కును కొలిచి చెప్పే టార్క్ రెంచి మాత్రం ఎప్పటిలాగే టిక్కుమంటుంది, పానా ఇక తిరగదు, మెకానిక్ నిజాయితీగానే ‘టైటుగా ఉందండీ’ అంటాడు. నట్టు బిగిసిపోయినట్టు అనిపించడానికి కారణం తుప్పే, బిగింపు లేకపోవడానికి కారణమూ తుప్పే. మంచి పరికరాన్నీ, మంచి మనిషినీ ఒకేసారి మోసగించగల లోపం ఇది, బ్రేకులో లోపం కూడా ఇంత నిశ్శబ్దంగా పని చేయదు. దీనికి పూర్తి వ్యతిరేక దిశలోనూ ఇంతే నష్టం ఉంది. తుప్పు వదిలించడానికి త్రెడ్డుకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే టార్కుకు స్టడ్డు మితిమీరి సాగుతుంది. పానా తిరగలేదని 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పిడి చివర నిలబడితే పడే టార్కు సుమారు 175 న్యూటన్ మీటర్లు. సాగిన స్టడ్డు ఆ రోజే విరగదు, ఎప్పుడో ఒక గుంత దగ్గర విరుగుతుంది.

ఇప్పుడు ఈ లెక్కను మన ప్రాంతానికి తెచ్చి చూడాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ కారు కింది భాగాల్లోని ఇనుముకు అదే ప్రధాన శత్రువు. మనకు చల్లేవారు ఎవరూ అక్కర్లేదు. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా వెళ్లే 216వ జాతీయ రహదారి పొడవునా సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు, చేపలు తీసుకెళ్లే వాహనాల నుంచి కారే ఐసు నీరు రోడ్డును తడుపుతూనే ఉంటుంది, ఆ తడి వెనక వచ్చే ప్రతి కారు చక్రానికీ అంటుతుంది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటే పంటు మీద కారు ఎక్కించేవారికి రేవులోని తడి, బురద కొత్త కాదు. 2022 జూలై వరదల్లో కోనసీమ లంక గ్రామాలు నీటిలో ఉన్నప్పుడు వాకిళ్లలో ఆగిపోయిన కార్ల హబ్బు ముఖాల మధ్య చేరిన ఒండ్రును ఎన్నింటికి చక్రాలు విప్పి శుభ్రం చేసి ఉంటారో ఊహించుకోవచ్చు. హబ్బుకూ చక్రానికీ మధ్య పలుచని మట్టి పొర ఉన్నా బిగించిన కొద్ది దూరానికే అది నలిగి బిగింపు సడలుతుంది. చక్రం తిరిగి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మరోసారి నట్లు చూసుకోవాలనడానికి కారణాల్లో ఇదొకటి.

రోడ్ల తీరు సంగతి కూడా చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన ఈ ప్రాంతంలో అనేక ఊళ్లకు కాలువ గట్టే రోడ్డు. విశాలమైన నాలుగు వరుసల రహదారి మీద చక్రం ఊడిన కారు పక్కకు ఒరిగి ఆగే అవకాశం ఉంటుంది. ఒక పక్క పంట కాలువ, మరో పక్క మురుగు కాలువ ఉన్న గట్టు మీద ఆ అవకాశం రెండు గజాలే.

కంపెనీలు, వారి తరఫున మాట్లాడేవారు చెప్పే సమాధానం పూర్తిగా తీసిపారేయదగినది కాదు. నట్లు చెడేది కర్మాగారంలో కాదనీ, పంక్చర్ షాపుల్లో గాలి గన్నుతో కొలత లేకుండా బిగించడం వల్ల, పానా పట్టకపోతే సుత్తితో కొట్టడం వల్ల, చౌకగా దొరికే లోకల్ నట్లు వేయడం వల్ల చెడుతున్నాయనీ వారు అంటారు. ఇందులో నిజముంది. హోండా నట్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, హ్యుందాయ్‌ది శంకువు ఆకారంలో ఉంటుంది, త్రెడ్డు మాత్రం రెండింటికీ ఒకటే కావడంతో ఒకదాని నట్టు మరొకదానికి హాయిగా ఎక్కేస్తుంది, కానీ ఆనవలసిన చోట సన్నటి గీత మేరకే ఆనుతుంది. ఈ తేడా చెప్పి అమ్మే స్పేర్‌పార్టుల షాపులు తక్కువ. అయినా ఈ వాదన కంపెనీని బయట పడేయదు. టైరు పంక్చరయ్యేది రోడ్డు మీదనే కాబట్టి రోడ్డు పక్కన విప్పి బిగించడాన్ని తట్టుకునేలా నట్టును తయారు చేయడం తయారీదారు బాధ్యత. ఆనే చోటు ఏ ఆకారంలో ఉందో నట్టు మీదే గుర్తు వేయడానికి అడ్డేమీ లేదు. ఇక రెండు ముక్కల టోపీ నట్టు సుత్తి దెబ్బ తినకుండానే, ఉన్న చోటనే ఉబ్బుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్ ప్రకారం లోపం ఒక విడిభాగంలో ఉంటే, ఆ విడిభాగం ఉన్న వాహనాలన్నిటినీ రకంతో నిమిత్తం లేకుండా వెనక్కి పిలవాలని కేంద్రం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి, కంపెనీ తనంతట తాను పిలవక ప్రభుత్వమే ఆదేశించవలసి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కానీ ఈ నిబంధనలు ఏటా అమ్ముడైన వాహనాల సంఖ్యతో ముడిపెట్టిన ఫిర్యాదుల లెక్క దాటితేనే కదులుతాయి, తయారైన ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తాయి. ఉబ్బిన నట్టు కోసం పోర్టల్ తెరిచి ఫిర్యాదు రాసే యజమాని ఎవరు? షాపులో నట్టు కోయించుకుని, కొత్తది వేయించుకుని, మెకానిక్‌ను నాలుగు మాటలు అని వెళ్లిపోతాడు. అతని నష్టం ఎక్కడా లెక్కకు రాదు. తుప్పు లోపం బయటపడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఏడేళ్లు దాటాక అది ఇక కంపెనీ సమస్య కాదు. సొంత కారును ప్రభుత్వం తరఫున మళ్లీ పరీక్షించేది పదిహేనేళ్లకు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ వేళ. ఏడేళ్లకూ పదిహేనేళ్లకూ మధ్య, నట్టు సరిగ్గా చెడే వయసులో, దాని వైపు చూసే బాధ్యత ఏ వ్యవస్థకూ లేదు.

ఈ ఖాళీ యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. మన దేశంలో రోడ్డు ప్రమాదాన్ని అర్థం చేసుకునే పద్ధతే డ్రైవరు దగ్గర మొదలై డ్రైవరు దగ్గర ముగుస్తుంది, నట్టు సంగతి అందులో ఒక చిన్న ఉదాహరణ. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు, ఆ ప్రమాదాల్లో దాదాపు 72 శాతానికి అతివేగమే కారణమని రాశారు. నాలుగు ప్రమాదాల్లో మూడింటికి దగ్గరగా ఒకే కారణం తేలినప్పుడు దర్యాప్తు జరిగిందా, లేక అలవాటుగా ఒక గడిలో గీత పెట్టారా అన్న సందేహం రాకూడదా? గంటకు 60 కిలోమీటర్లలో వెళ్తున్న కారు స్టడ్డు విరిగి పల్టీ కొడితే, శిథిలాన్ని చూసిన వారికి అది 100లో వెళ్లినట్టే కనిపిస్తుంది. ప్రమాద వాహనాన్ని పరిశీలించే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదికలో ‘యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు’ అన్న వాక్యం ముందే అచ్చు వేసినట్టు వస్తుంటుందని ప్రమాద పరిహారం కేసులు వాదించే వకీళ్లకు తెలుసు.

ఈ అలవాటు నిలబడటానికి కారణం ఏ ఒక్కరి దురుద్దేశమూ కాదు, అందరికీ అది సౌకర్యంగా ఉండటం. పోలీసులకు భారతీయ న్యాయ సంహితలో 281, 106 సెక్షన్లు సిద్ధంగా ఉన్నాయి, కేసు త్వరగా తెమిలిపోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ కింద పరిహారం కోరే బాధిత కుటుంబం డ్రైవరు నిర్లక్ష్యాన్నే రుజువు చేయాలి కాబట్టి, వారి వకీలు కూడా నట్టు ఊసెత్తడానికి ఇష్టపడరు. కంపెనీ సంగతి చెప్పనక్కరలేదు. మాట్లాడగలిగిన వాడు డ్రైవరు ఒక్కడే, అతను బతికి ఉంటే జైలు భయంతో, చనిపోతే శాశ్వతంగా మౌనంగా ఉంటాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారు మీద ఉత్పత్తి బాధ్యతను స్పష్టంగా మోపింది, కానీ లోపం ఉందని చూపించే మొదటి కాగితమే పుట్టనప్పుడు ఆ చట్టం ఏ తలుపు తట్టాలి?

విరిగిన స్టడ్డు ఈ విషయంలో మనుషుల కంటే నమ్మదగిన సాక్షి. నెలల తరబడి కొద్దికొద్దిగా చీలుతూ వచ్చిన భాగం తుప్పుతో నల్లగా, నునుపుగా ఉంటుంది. ప్రమాద క్షణాన ఒక్కసారిగా తెగిన భాగం గరుకుగా, కొత్త లోహపు మెరుపుతో ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తిని చూసి ప్రమాదం స్టడ్డును విరిచిందా, స్టడ్డే ప్రమాదాన్ని తెచ్చిందా అన్నది మామూలు భూతద్దంతోనే చాలావరకు చెప్పవచ్చు. కానీ ఆ ముక్కలు కారుతో పాటు స్టేషను ఆవరణలో వానకు నాని, వారాల్లోనే రెండు భాగాలూ ఒకే రంగుకు వస్తాయి. కోనసీమ వానాకాలంలో అందుకు వారాలు కూడా పట్టవు.

అందువల్ల కేంద్రం చేయవలసినవి రెండు. చక్రాన్ని పట్టి ఉంచే నట్లకు, స్టడ్లకు, బోల్టులకు రీకాల్ నిబంధనల్లోని ఏడేళ్ల పరిమితిని పదిహేనేళ్లకు పెంచడం ఒకటి. ఐఐటీ మద్రాసు రూపొందించగా పోలీసులు ఇప్పటికే ప్రమాద వివరాలు నమోదు చేస్తున్న ఈడార్ వ్యవస్థలో ఊడిన చక్రం, విరిగిన నట్ల సంఖ్య, వాటి ఫొటోలు తప్పనిసరి చేయడం రెండోది. వీటికి ఢిల్లీ కదలాలి, సమయం పడుతుంది. అమలాపురంలోనో, భీమవరంలోనో ప్రమాద స్థలానికి వెళ్లిన దర్యాప్తు అధికారికి ఢిల్లీ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. హబ్బులో మిగిలిన స్టడ్డు మొదళ్లను, దొరికిన నట్లను పంచనామాలో రాసి, పొడి కవరులో సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపే అధికారం ఆయనకు ఇప్పటికే ఉంది.