పాముకు పాలు, ట్రాన్సిస్టర్‌కు స్టాంపు

పగవాడి ఫొటోకి దండ వేసే పెద్దమనసు తపాలాశాఖలకే ఉంది. అమెరికావాళ్లు 1973 జులైలో ఎలక్ట్రానిక్స్ ప్రగతి పేరుతో నాలుగు స్టాంపులు వేశారు. 6 సెంట్ల దాని మీద తీగ లేకుండా కబురు పంపిన మార్కోనీ స్పార్క్ కాయిల్, 8 సెంట్ల మీద ట్రాన్సిస్టర్లు, సర్క్యూట్ బోర్డు, 11 సెంట్ల ఎయిర్‌మెయిల్ మీద డి ఫారెస్ట్ ఆడియాన్లు (తొలినాటి రేడియో ట్యూబులు), 15 సెంట్ల మీద మైకు, స్పీకరు, వాక్యూమ్ ట్యూబు, టీవీ కెమెరా ట్యూబు. ఉత్తరం గొంతు నులమబోయేది ఎవరెవరో ఫొటోలతో సహా ముందే అచ్చేసి, వెనక జిగురు కూడా రాసి పెట్టారన్నమాట.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 1958లో జగదీశ్ చంద్ర బోస్ శతజయంతికి 15 నయాపైసల స్టాంపు వేశారు. 1895లో కలకత్తాలో తీగ లేకుండా గోడ అవతల గంట మోగించినాయన. పోస్ట్‌మ్యాన్ సైకిలు రాకుండానే గంట మోగితే శాఖ దాన్ని అపశకునంగా తీసుకోలేదు! ఆ జాతి రేడియో తరంగాలతోనే మా తిరుపతి పక్కన గాదంకి రాడార్ కేంద్రంలో ఇప్పుడు 1,024 యాంటెన్నాలు పైనున్న గాలిని పలకరిస్తున్నాయి. గాలికి కబురు అందుతోంది, మా వీధికే ఉత్తరం రావట్లేదు.

అయినా తిరుపతిలో ఉత్తరం చచ్చిపోయిందంటే నేనొప్పుకోను. సిఫారసు లెటరు నిక్షేపంగా ఉంది. పదేళ్లుగా పలకని చుట్టం ఫోన్ చేసి "బాగుండారా బావా?" అన్నాడంటే బ్రేక్ దర్శనానికి లెటరు దొరుకుతుందా అని అర్థం. ఎటొచ్చీ దానికి స్టాంపు అంటించరు. చేత్తో పట్టుకుపోతారు, జవాబు ఫోనుకే వస్తుంది.

నాకు స్టాంపుల పిచ్చి. ఈ లోకపు న్యాయం వేరు. ఒక్కరోజూ డ్యూటీ చెయ్యని, జిగురు తడవని స్టాంపుకే మామూలుగా ధర ఎక్కువ. ముద్రలు తిని, ఊళ్లు తిరిగి, ఎవరి కబురో మోసుకొచ్చినదాన్ని చిల్లర కింద లెక్కేస్తారు. (ఆఫీసుల్లో ప్రమోషన్లూ ఇంతే, అది ఇంకో వ్యాసం.)

ఆ అమెరికా సెట్టు ఆల్బంలో లేదని నిద్రపట్టక ఫోన్లోనే కొనేశాను. ఇప్పటి ఖరీదైన ఫోను చిప్పులో వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లుంటాయట. నేను డబ్బు కట్టింది వాటి ముత్తాతల ఫొటోకి.

వారానికి కొర్లగుంటలో మా గుమ్మం ముందు బండి ఆగింది. "సార్, ఓటీపీ చెప్పండి." చెప్పాను. కవరు మీది స్టాంపుల్ని తడిపి ఊడదీద్దామని అప్పటికే గిన్నెలో నీళ్లు పోసి పెట్టుకున్నాను. కవరు అటు తిప్పాను, ఇటు తిప్పాను. బార్‌కోడ్ స్టిక్కర్ ఒక్కటే ఉంది.

మా ఆవిడ గిన్నె తీసుకెళ్లి టీ పెట్టింది.